చివరి పది అడుగుల పైపు ఖర్చు ఎవరిది? చెన్నైలో సీసం చేరిన పాత నీటి పైపులు మార్చడానికి డబ్బు సమకూర్చుకునే దారి

కండలేరు నుంచి పూండికి కృష్ణ నీళ్లు తెచ్చే కాలువ పాడైపోతే 2000ల మొదట్లో శ్రీ సత్యసాయి ట్రస్టు డబ్బు పెట్టి బాగు చేయించింది. పేరూరులో కడుతున్న సముద్రపు నీటి శుద్ధి ప్లాంటుకు జపాన్ సంస్థ జైకా అప్పిచ్చింది. పెద్ద పనులకు చెన్నైలో ఎప్పుడూ ఎవరో ఒకరు దొరికారు. వీధిలో మెయిన్ లైన్ నుంచి మీ సంప్ దాకా ఉండే ఆఖరి పది అడుగుల పైపుకు మాత్రం దిక్కు ఉండదు. అది మెట్రో వాటర్ (చెన్నై నీటి బోర్డు) వాళ్ల ఎస్టిమేట్‌లోకి రాదు, ఇంటి ఓనరుకు గుర్తుండదు, అద్దెకున్నవాళ్లకు సంబంధం లేదు. నీళ్లలో సీసం కలిసేది ఎక్కువగా ఆ పది అడుగుల్లోనూ, దాని తర్వాత ఇంటి లోపలా.

ఏ నగరమైనా పైపులు మార్చడానికి డబ్బు ఎలా తేవాలని ఆలోచిస్తే మొదట తేల్చుకోవాల్సింది ఈ ముక్క ఖర్చు ఎవరు పెడతారన్నది. అది తేలకుండా వందల కోట్ల బాండ్లు (మదుపుదారుల దగ్గర అప్పు తెచ్చే పత్రాలు) జారీ చేసినా సగం పనే అవుతుంది. పెరంబూరులోనో, షావుకారుపేటలోనో, కిల్పాక్‌లోనో అసోసియేషన్ నడుపుతున్నవాళ్లు, వార్డు కౌన్సిలర్లు, వాళ్లను అడగాల్సినవాళ్లు ఏ వరుసలో వెళ్లాలో కింద రాశాను.

ముందుగా: మన దగ్గర సీసం ఎక్కడుంది?

అమెరికాలో సమస్య నేరుగా సీసపు పైపులే. వీధి మెయిన్ నుంచి ఇంటికి అచ్చంగా సీసంతో చేసిన పైపులు వేశారు. 1986లో నిషేధించేదాకా అది చట్టబద్ధమే. ఇప్పటికీ అలాంటివి లక్షల సంఖ్యలో ఉన్నాయని అక్కడి పర్యావరణ సంస్థ అంచనా. 2014లో ఫ్లింట్ నగరం నీటి వనరు మార్చి, పైపులు తినేయకుండా కలపాల్సిన రసాయనం కలపకపోవడంతో ఆ సీసం కుళాయిల్లోకి వచ్చింది.

చెన్నైలో కథ వేరు. పాత పోత ఇనుప మెయిన్ లైన్లలో పైపుకూ పైపుకూ మధ్య జాయింట్లకు సీసం కరిగించి పోసేవాళ్లు. అది నీటికి తగిలే మేర తక్కువ కాబట్టి పెద్ద భయం అక్కడ కాదు. పివిసి పైపుల తయారీలో సీసం కలిపిన స్టెబిలైజర్ (ప్లాస్టిక్ చెడకుండా కలిపే పదార్థం) చాలాకాలం వాడారు. దాన్ని అదుపు చేస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2021లో ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. అంటే అంతకు ముందు వేసిన బూడిద రంగు పైపులన్నీ అనుమానించదగ్గవే. వీటికి తోడు ఇత్తడి కుళాయిలు, వాల్వులు. జిఐ (జింకు పూసిన ఇనుము) పైపుల పూతలో కూడా కొంత సీసం ఉండొచ్చు, పైనుంచి కొట్టుకొచ్చిన సీసాన్ని ఆ పైపు లోపలి తుప్పు తనలో ఉంచుకుని తర్వాత మెల్లగా వదులుతుంది.

ఇంకో సంగతి చెన్నైకి ప్రత్యేకం. ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్లలో ఖనిజాలు ఉండవు. అలాంటి నీళ్లు లోహాన్ని కొరుకుతాయి. అందుకే ప్లాంటు నుంచి వదిలే ముందు సున్నం లాంటివి కలిపి సరిచేస్తారు. మీంజూరు, నెమ్మేలి నీళ్లు కలిసే ప్రాంతాల్లో ఈ సరిచేయడం ఎలా జరుగుతోందో అడగడం మీ హక్కు, దానికి పైసా ఖర్చు లేదు.

మొదటి అడుగు: ఏ ఇంటికి ఏ పైపు ఉందో రాసిపెట్టుకోవడం

డబ్బు అడిగే ముందు లెక్క కావాలి. "మా ఏరియాలో పైపులన్నీ పాతవేనండీ" అని చెప్తే ఏ ఇంజనీరూ ఫైలు తెరవడు.

ఒక నాణెం, ఒక అయస్కాంతం, ఫోన్ టార్చి తీసుకుని సంప్ దగ్గరికి వెళ్లండి. వీధి వైపు నుంచి గోడలోకి వచ్చే పైపును గుడ్డతో తుడిచి, నాణెంతో మెల్లగా గీకండి. గీకిన చోట వెండిలా మెరుస్తూ, మెత్తగా గీత పడి, అయస్కాంతం అంటుకోకపోతే అది సీసం. అయస్కాంతం టక్కున పట్టుకుంటే జిఐ. ఎర్రగా, పాత పైసలా కనిపిస్తే రాగి. ప్లాస్టిక్ అయితే గీకినా ఏమీ తెలియదు. పైపు మీద అచ్చు వేసిన ఐఎస్ (భారతీయ ప్రమాణం) నంబరు, తయారైన సంవత్సరం చూసి రాసుకోండి. అచ్చు చెరిగిపోతే ఇల్లు కట్టిన సంవత్సరమో, చివరిసారి ప్లంబరు పని చేసిన సంవత్సరమో రాయండి. ప్రతి ఇంటికీ ఒక ఫోటో తీయండి.

రెండో రకం సాక్ష్యం నీటి పరీక్ష. రాత్రి కుళాయి కట్టేసి, కనీసం ఆరు గంటలు నీళ్లు కదలకుండా ఉంచి, పొద్దున్నే మొదటి లీటరు ఒక సీసాలో పట్టండి. తర్వాత వరసగా పడుతూ ఐదో లీటరు ఇంకో సీసాలో. మొదటి దాంట్లో సీసం ఎక్కువుంటే కుళాయి దోషం, ఐదో దాంట్లో ఎక్కువుంటే పైపుది. అయితే ఇక్కడో చిక్కు ఉంది. చెన్నైలో చాలా ఇళ్లలో నీళ్లు సంప్‌లో పడి, మోటారుతో పై ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి వంటింటికి వస్తాయి. వంటింటి కుళాయిలో పరీక్ష చేస్తే ఇంటి లోపలి పైపుల సంగతే తెలుస్తుంది. వీధి పైపు సంగతి తెలియాలంటే మెట్రో నీళ్లు వదిలిన వెంటనే సంప్‌లో పడే చోట పట్టాలి. రెండు చోట్లా పట్టండి.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో నీటి పరీక్షల ల్యాబ్ ఉంది. ఎన్ఏబీఎల్ అనే జాతీయ సంస్థ గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబులూ చేస్తాయి. సీసం పరీక్ష కావాలని విడిగా అడగాలి, మామూలు ప్యాకేజీలో చాలాసార్లు ఉండదు. అన్నట్టు, కాచితే సీసం పోదు. నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుందంతే. ఆర్‌ఓ ఫిల్టరు తీస్తుంది.

రెండో అడుగు: మెయిన్, సర్వీస్ లైన్, ఇంటి లోపల. మూడు ఖాతాలు

ఇప్పుడు ఖర్చును మూడు ముక్కలు చేయండి. వీధి మెయిన్ మెట్రో వాటర్‌ది, అందులో వివాదం లేదు. సంప్ నుంచి లోపలికి, ట్యాంకు, వంటిల్లు ఇంటివాళ్లవి. మధ్యలో ఉన్న సర్వీస్ పైపు సగం రోడ్డు కింద, సగం మీ కాంపౌండు గోడ కింద ఉంటుంది. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఆ ఖర్చు మీరో, మీకు ముందున్న ఓనరో కట్టి ఉంటారు. దాని బాధ్యత ఎక్కడిదాకా ఎవరిదో మెట్రో వాటర్ డిపో ఇంజనీరును రాతపూర్వకంగా అడగండి. నోటిమాట జవాబు తీసుకోవద్దు. ప్రతి నెలా రెండో శనివారం ఏరియా ఆఫీసుల్లో మెట్రో వాటర్ ఓపెన్ హౌస్ (ఫిర్యాదుల సమావేశం) పెడుతుంది, అర్జీ అక్కడ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఈ మధ్య ముక్కను ఓనర్లకే వదిలేస్తే ఏమవుతుందో వాషింగ్టన్ నగరం 2000ల్లో చూపించింది. రోడ్డు వైపు పైపు నగరం మార్చింది, ఇంటి వైపు ముక్క ఓనరు డబ్బు కడితేనే మారుస్తామంది. ఎక్కువమంది కట్టలేదు. పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. వేల ఇళ్లకు సగం కొత్త పైపు, సగం సీసపు పైపు మిగిలాయి. తవ్వకంలో పాత ముక్క కదిలి, లోపల పేరుకున్న పొర ఊడి, కొంతకాలం సీసం ఇంకా పెరిగింది కూడా. సగం మార్చడం కంటే అసలు ముట్టకపోవడం నయం. పట్టుదలగా చెప్పాల్సిన మాట ఇది.

మూడో అడుగు: పక్కన వచ్చే ఆదాయం వెతకడం

దీని మీద నాకు పక్షపాతం ఉంది, దాచను. బాండ్లు, గ్రాంట్ల గురించి అందరూ మాట్లాడతారు. ఇంటి వైపు ముక్కకు డబ్బు పెట్టిన నగరాలు చాలావరకు ఎవరూ ఊహించని మూల నుంచి తెచ్చాయి.

విస్కాన్సిన్‌లోని మాడిసన్ 2001లో మొదలుపెట్టి పదేళ్లలో సుమారు 8,000 సీసపు లైన్లు మార్చేసింది. నీటి బిల్లుల సొమ్మును ప్రైవేటు పైపులకు వాడకూడదని అక్కడి నియంత్రణ సంస్థ అడ్డుపడింది. అప్పుడు ఆ ఊరివాళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకుల మీద సెల్‌ఫోన్ కంపెనీలు పెట్టుకున్న యాంటెన్నాల అద్దెను ఇటు మళ్లించారు. ఓనరుకు అయిన ఖర్చులో సగం, 1,000 డాలర్లు మించకుండా, తిరిగి ఇచ్చారు. న్యూజెర్సీలోని న్యూఆర్క్ 2019లో కౌంటీ ద్వారా 12 కోట్ల డాలర్ల బాండు తెచ్చింది. దాన్ని తీర్చే భారానికి పోర్టు నుంచి వచ్చే లీజు సొమ్ము ఆసరా అయింది. మూడేళ్ల లోపు 23,000 లైన్లు మార్చారు, ఓనరు దగ్గర పైసా తీసుకోలేదు.

చెన్నైలో దీనికి సరితూగేదేమిటి? మెట్రో వాటర్ 2019 నుంచి కోయంబేడు, కొడుంగయ్యూరుల్లో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున మురుగునీటిని ఆర్‌ఓ దాకా శుద్ధి చేసి మణలి, శ్రీపెరుంబుదూరు వైపు పరిశ్రమలకు అమ్ముతోంది. ఆ ఆదాయంలో ఫలానా శాతం సర్వీస్ పైపుల మార్పిడికే అని బోర్డు తీర్మానం చేసి, ఆ పనికి తప్ప వాడలేని విడి ఎస్క్రో ఖాతాలో వేస్తే ఏటా తప్పకుండా వచ్చే ధార అవుతుంది. ఇది నా సూచన. ఎవరూ ప్రకటించిన పథకం కాదు. వార్డు సభలో అడగదగ్గ ప్రశ్న ఇదే: "ఆ ఆదాయం ఏ ఖాతాకు పోతోంది?"

పెద్ద కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు కూడా ఉన్నాయి. కంపెనీల చట్టం 2013 ప్రకారం లాభంలో 2 శాతం, అందులో సురక్షిత తాగునీరు అర్హమైన పని. ఇవి పేద ఇళ్ల ముక్కకు బాగుంటాయి. ఎంపీ లాడ్స్ (ఎంపీల స్థానికాభివృద్ధి నిధి) మీద ఆశ పెట్టుకోకండి. ఏడాదికి 5 కోట్లు ఉన్నా అవి ఉమ్మడి ఆస్తులకు, ఒకరి ఇంటి పైపుకు కాదు.

నాలుగో అడుగు: మెయిన్ లైన్‌కు గ్రాంటు, అప్పు

ఇది తెలిసిన దారి కాబట్టి త్వరగా చెప్తాను. అమృత్ 2.0 అనే కేంద్ర పట్టణ పథకంలో పది లక్షల జనాభా దాటిన నగరాలకు కేంద్రం వాటా ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం. 2025–26 బడ్జెట్‌లో లక్ష కోట్ల అర్బన్ ఛాలెంజ్ ఫండ్ ప్రకటించారు. అందులోనూ కేంద్రం ఇచ్చేది గరిష్ఠంగా 25 శాతం, కనీసం సగం బాండ్లో, బ్యాంకు అప్పో, ప్రైవేటు భాగస్వామ్యమో తేవాలి. పథకాల పేర్లు మారుతుంటాయి, గడువులు ముగుస్తుంటాయి. దాదాపు మారని సూత్రం ఏమిటంటే కేంద్రం పావలా ఇస్తుంది, ముప్పావలా మీరు చూపించాలి.

రాష్ట్రంలో అప్పు కోసం 1996లో పుట్టిన తమిళనాడు అర్బన్ డెవలప్‌మెంట్ ఫండ్ ఉంది. బాండ్లంటే చెన్నై కార్పొరేషన్ 2025లో సుమారు 200 కోట్ల బాండ్లను 8 శాతానికి కాస్త లోపు వడ్డీకి అమ్మి స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టు చేసింది. మనవాళ్లకు ఇదేమీ కొత్త కాదు, హైదరాబాద్ 2018లోనే 200 కోట్లు తెచ్చింది. బాండు అమ్మాలంటే ఆడిట్ అయిన లెక్కలు, క్రెడిట్ రేటింగ్, అసలు, వడ్డీ తీర్చడానికి కేటాయించిన ఆదాయం కావాలి. రేటింగ్ ఏజెన్సీ మొదట అడిగేది పన్ను వసూళ్ల గురించే. చెన్నైలో నీటి పన్ను, మురుగునీటి పన్ను కలిపి ఆస్తి వార్షిక విలువలో 7 శాతం. దాని బకాయిలు పెరిగితే బాండు వడ్డీ పెరుగుతుంది. బిల్లు కట్టకుండా "పైపులు మార్చలేదేం?" అనడం ఇక్కడ మనకే తగులుతుంది.

ఐదో అడుగు: నెలకు ఎంత పడుతుందో జనానికి చూపించడం

వందల కోట్లు అనగానే జనం బెదురుతారు. కాబట్టి కాగితం మీద లెక్క వేసి చూపండి. ఊహించుకున్న అంకెలే తీసుకుందాం. మొత్తం పని 100 కోట్లు. కేంద్రం గ్రాంటు 25, పక్క ఆదాయం, సీఎస్ఆర్ కలిపి 25, మిగతా 50 కోట్లు అప్పు. 8 శాతం వడ్డీకి 15 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీరిస్తే ఏడాదికి సుమారు 5.84 కోట్లు.

దీన్ని నగరంలో 5 లక్షల కనెక్షన్ల మీద వేస్తే ఒక్కో ఇంటికి ఏడాదికి 117 రూపాయలు, నెలకు పది రూపాయలైనా కాదు. అదే మొత్తాన్ని పైపు మారే 50,000 ఇళ్ల మీదే వేస్తే ఏడాదికి 1,168, నెలకు దాదాపు 97. ఈ రెండో పద్ధతి చూడటానికి న్యాయంగా ఉంటుంది: ఎవరి పైపు వాళ్లే మార్చుకోవాలి కదా. కానీ పాత పైపులున్నది పాత పేటల్లో, ఇరుకు సందుల్లో, అద్దె ఇళ్లలో. కట్టగలిగినవాళ్లు ఎప్పుడో మార్చుకున్నారు. నేనైతే అందరి మీదా వేయమనే అంటాను. చెన్నైలో చాలా ఇళ్లకు మీటరు లేకుండా స్థిర రేటు బిల్లే ఉంది కాబట్టి "పైపుల మార్పిడి రుసుము" అని విడి గీత కింద చేర్చడం తేలిక. ఏ సంవత్సరంతో ఆగిపోతుందో తీర్మానంలోనే రాయించండి. తాత్కాలికమని పెట్టిన రుసుములు శాశ్వతమైపోవడం మనం చూస్తున్నదే.

గడువు పదేళ్లకు కుదిస్తే వాయిదా ఏడాదికి 7.45 కోట్లు అవుతుంది, కానీ మొత్తం మీద చెల్లించేది సుమారు 13 కోట్లు తగ్గుతుంది. ఈ బేరం ముందే మాట్లాడుకోవాలి.

ఆరో అడుగు: జనం వాటా తీసుకోవాల్సి వస్తే ఆలందూరును చూడండి

ఇంటి వాటా అడగక తప్పదనుకుంటే పాఠం దూరంగా లేదు. ఆలందూరు ఇప్పుడు చెన్నై కార్పొరేషన్‌లో భాగం, 2011కు ముందు విడి మునిసిపాలిటీ. 1990ల చివర్లో అక్కడ భూగర్భ మురుగు కాల్వలు లేవు. అప్పటి చైర్మన్ ఆర్.ఎస్. భారతి వీధి వీధికీ తిరిగి, ఒక్కో ఇంటి నుంచి 5,000 రూపాయలు ముందుగానే డిపాజిట్ అడిగారు. జనం కట్టారు. దాని మీద అర్బన్ డెవలప్‌మెంట్ ఫండ్ అప్పు, ప్రైవేటు భాగస్వామి కట్టిన శుద్ధి ప్లాంటు, నెలవారీ రుసుము చేరి పథకం నిలబడింది. అప్పు ఇచ్చేవాళ్ల దగ్గర జనం డిపాజిటే బలమైన మాటైంది.

పని చేసింది ఎందుకు? డిపాజిట్టు మునిసిపాలిటీ మామూలు ఖాతాలో కలవకుండా విడిగా ఉంది. మీ వీధిలో అడిగితే ఎదురయ్యే ప్రశ్న నాకు తెలుసు. "మాకు బోరుందండీ, క్యాన్ నీళ్లు తాగుతాం, మేమెందుకు కట్టాలి?" దానికి వాదించి లాభం లేదు. రోడ్డు ఒక్కసారే తవ్వుతారు, తర్వాత మీరు విడిగా అడిగితే రోడ్ కట్ పర్మిషన్, దాని ఛార్జీ మీదేనని చెప్పండి. అద్దె ఇళ్ల విషయంలో వాటా ఓనరుదని, అద్దెలో వేయకూడదని కాగితం మీద పెట్టండి. ఓనరు వేరే ఊళ్లో ఉండి ఫోన్ ఎత్తకపోతే న్యూఆర్క్ చేసినట్టు, ప్రజారోగ్యం కింద ఓనరు అనుమతి కోసం ఆగకుండా మార్చే అధికారం ఇచ్చే జీవో కావాలి. ఇది లేకపోతే వీధికి నాలుగు ఇళ్లు మిగిలిపోతాయి, కాంట్రాక్టరు రెండోసారి రాడు.

ఏడో అడుగు: డబ్బు ఎలా ఖర్చవుతోందో పట్టుకోవడం

వీధి మొత్తం ఒకేసారి, ఇంటింటికీ గేటు లోపల సంప్ దాకా మార్చాలన్నది టెండరులోనే ఉండాలి. ఒక్కో ఇంటికి విడి పనిగా ఇస్తే రోడ్డు పూడ్చే ఖర్చే మింగేస్తుంది. పైపు రకం కూడా రాయించాలి: మెయిన్‌కు ఐఎస్ 8329 డక్టైల్ ఇనుము, సర్వీసుకు ఐఎస్ 4984 హెచ్‌డీపీఈ ప్లాస్టిక్. పివిసి వాడితే సీసం స్టెబిలైజర్ లేదని బ్యాచ్ వారీగా పరీక్ష పత్రం అడగాలి. ఈశాన్య రుతుపవనాల ముందు రోడ్ కట్లు ఆపేస్తారు కాబట్టి జనవరిలో మొదలై సెప్టెంబరుకు ముగిసేలా షెడ్యూలు వేయించండి. అక్టోబరులో తెరిచిన గుంట పొంగల్ దాకా అలాగే ఉంటుంది.

పని పూర్తయ్యేదాకా గర్భిణులు, ఆరేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు ఫిల్టర్లివ్వడానికి ఎస్టిమేట్‌లోనే ఒక పద్దు పెట్టించాలి. న్యూఆర్క్‌లో కూడా పైపుల పని పూర్తవక ముందే ఫిల్టర్లు పంచారు.

చివరి బిల్లు ఆపి ఉంచండి. కాంట్రాక్టరుకు చెల్లించాల్సిన దాంట్లో రిటెన్షన్ సొమ్మును కుళాయి పరీక్షకు ముడిపెట్టాలి. పైపు మారిన వెంటనే కుళాయి చివరి జల్లెడ విప్పి, నీళ్లు బాగా వదిలి కడిగి, కొన్ని వారాల తర్వాత మళ్లీ అదే పద్ధతిలో, అదే చోట్ల, మొదటి లీటరు, ఐదో లీటరు పట్టి ల్యాబుకు పంపండి. రిపోర్టు 0.01 లోపు వచ్చిన ఇళ్ల జాబితా మీద అసోసియేషన్ సంతకం పడ్డాకే ఆ సొమ్ము విడుదల కావాలి. రాని ఇళ్లలో తప్పు ఇంటి లోపలి ఇత్తడి వాల్వుదో, పాత పివిసిదో తేలుతుంది. ఆ ఖాతా ఇంటివాళ్లది.